ఊటీ కొండమీద గోల్ఫ్: విజయనగరం, శ్రీకాకుళం వాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

ఆదివారం చీకటుండగానే విజయనగరంలో కారెక్కి, విశాఖలోని ఈస్ట్ పాయింట్ గోల్ఫ్ క్లబ్బుకి ఆడటానికి వెళ్లే నలుగురం మేం. ఊటీకి రెండుసార్లు వెళ్లొచ్చాం. మొదటిసారి హడావుడిగా, రెండోసారి తీరిగ్గా. అప్పట్నుంచి ఆమదాలవలస, బొబ్బిలి, రాజాం వైపు నుంచి ఎవరో ఒకరు ఫోన్ చేసి వివరాలు అడుగుతూనే ఉన్నారు. ఇవన్నీ వాళ్లు అడిగిన ప్రశ్నలే.

సముద్రం పక్కనే కోర్సు ఉండగా అంత దూరం వెళ్లి ఆడటం దేనికి?

సముద్రపు ఒడ్డున మనం నేర్చుకునే ఆట ఒకటి, కొండమీద ఆడాల్సిన ఆట ఇంకొకటి. ఇక్కడ ఉక్కపోత, ఉప్పుగాలి, మన కొలతకి అలవాటైన దూరాలు. అక్కడ చల్లటి పలచని గాలి, ఎక్కడ నిలబడ్డా కాళ్లకింద వాలు. ఊటీ జింఖానా క్లబ్బు వారి 18 హోల్స్ (బంతిని పడేసే గుంటలు) ఉన్న కోర్సు వెన్‌లాక్ డౌన్స్ అనే గడ్డి కొండల మీద పరుచుకుని ఉంటుంది. ఒక పక్క కొండ లోయల్లో పెరిగే షోలా అడవి, ఇంకో పక్క యూకలిప్టస్ చెట్లు, మధ్యలో పచ్చటి బోర్లించిన గిన్నెల్లాంటి గుట్టలు. ఆట మొదలుపెట్టే చోటైన మొదటి టీ దగ్గర మంచు విడిపోతుంటే, బంతి సాగాల్సిన గడ్డి దారి, అంటే ఫెయిర్‌వే ముక్కలు ముక్కలుగా బయటపడుతుంది. దాన్ని కళ్లారా చూశాక దూరం గురించి మేం మళ్లీ మాట్లాడలేదు.

ఊటీయే ఎందుకు? కొడైకెనాల్, కూనూరు వద్దా?

అవీ మంచివే. కొడైకెనాల్ గోల్ఫ్ క్లబ్ 1895 నాటిది. కూనూరు పక్కన వెల్లింగ్టన్‌లోనూ కోర్సు ఉంది, ఊటీకంటే కాస్త దిగువన, కాస్త వెచ్చగా ఉంటుంది. కశ్మీరులో గుల్మార్గ్ 2,650 మీటర్ల ఎత్తున ఉంది. కానీ మనకి అది చాలా పెద్ద ప్రయాణం. మొదటిసారి కొండ కోర్సుకి వెళ్లేవాళ్లకి నేను ఊటీయే చెబుతాను. మనవైపు నుంచి కోయంబత్తూరుకి నేరుగా రైలుంది, ఇంటిల్లిపాదీ వచ్చినా వాళ్లకి కాలక్షేపం ఉంటుంది, కావాలంటే వెల్లింగ్టన్ కూడా అదే ప్రయాణంలో చూసుకోవచ్చు.

ఏ నెలలో వెళ్తే బాగుంటుంది?

సంక్రాంతి సందడి తగ్గాక, జనవరి చివరి నుంచి మార్చి వరకు. నీలగిరికి రెండు వర్షాకాలాలు. జూన్ నుంచి నైరుతి, అక్టోబరు, నవంబరుల్లో ఈశాన్యం. దసరా సెలవులనగానే చాలామందికి ఊటీ ఆలోచన వస్తుంది కానీ, ఆ రోజుల్లో వాన ఆట మధ్యలో ఆపించే అవకాశం ఎక్కువ. పైగా దసరా తర్వాతి మంగళవారం పైడితల్లమ్మ సిరిమానోత్సవం వదిలేసి ఊరు దాటడం మా ఇళ్లల్లో కుదిరే పని కాదు.

ఏప్రిల్, మే నెలల్లో పర్యాటకులు కిటకిటలాడతారు. గదులు దొరకవు, ఘాట్ రోడ్డు మీద గంటలు గడిచిపోతాయి. డిసెంబరు, జనవరి నెలల్లో ఒక్క ఇబ్బంది: కొన్ని ఉదయాలు గడ్డిమీద తెల్లగా మంచు పేరుకుంటుంది. అది కరిగేదాకా గ్రీన్ మీద, అంటే గుంట చుట్టూ ఉండే నున్నటి గడ్డి మీద, కాలు పెట్టనివ్వరు. పెడితే గడ్డి పరకలు విరిగి, అడుగుజాడలు నల్లగా మాడిపోతాయి. అప్పుడు ఎండ వచ్చేవరకు టీ తాగుతూ కూర్చోవడమే.

ఎన్ని రోజులు పెట్టుకోవాలి?

నేను గట్టిగా చెప్పేది ఈ ఒక్కటే. కొండమీద మూడు రాత్రులు ఉండండి, రెండు రౌండ్లు ఆడండి, చేరిన మర్నాడు పొద్దున్నే ఆడకండి.

మొదటిసారి మేం రాత్రి పదికి గది చేరాం. మర్నాడు ఏడుకల్లా టీ మీదున్నాం. ఘాట్ రోడ్డు మలుపులకి తల ఇంకా తిరుగుతూనే ఉంది, చలికి వేళ్లు వంగడం లేదు. బంతి ఎటు పోతుందో, ఎందుకు పోతుందో అర్థం కాలేదు. తొమ్మిదో హోల్ వచ్చేసరికి నలుగురం కలిసి పదకొండు బంతులు పోగొట్టుకున్నాం. అర్థం కావడం మొదలైంది పద్నాలుగో హోల్ దగ్గర. నాలుగు హోల్స్‌లో రౌండు అయిపోయింది, మధ్యాహ్నం మూడింటికి తిరుగు ప్రయాణం. కొండ మాకు పాఠం చెప్పడం మొదలుపెట్టిన సమయానికి మేం సంచులు సర్దుకుంటున్నాం. ఆ బాధ నాకు ఏడాదిపాటు పోలేదు.

రెండోసారి మొదటి రోజు కోర్సు పక్కన ఊరికే నడిచాం. రెండో రోజు స్కోరు రాయకుండా ఆడాం. మూడో రోజు స్కోరు రాసుకుంటూ ఆడాం. ఆడకుండా నడిచిన ఆ మొదటి రోజుకి అదనంగా అయ్యే ఖర్చు ఒక రాత్రి గది అద్దె. దానికోసం ఇంకేదైనా తగ్గించుకోండి, ఈ రోజును మాత్రం తగ్గించుకోకండి.

ఎలా వెళ్లాలి?

విజయనగరంలో ఎక్కి కోయంబత్తూరులో దిగడానికి ధన్‌బాద్–అలెప్పి ఎక్స్‌ప్రెస్ ఉంది. అది రాయగడ, పార్వతీపురం, బొబ్బిలి మీదుగా వస్తుంది. అంటే శ్రీకాకుళం రోడ్ స్టేషన్ దాని దారిలో లేదు. శ్రీకాకుళం, ఆమదాలవలస వాళ్లు విజయనగరం వచ్చి ఎక్కాలి. ఈ సంగతి తెలియక శ్రీకాకుళం రోడ్ నుంచి వెతికి రైలే లేదనుకునేవాళ్లున్నారు. ప్రయాణం దాదాపు ఒక పూర్తి రోజు. టికెట్లు 60 రోజుల ముందు తెరుచుకుంటాయి, తెరిచిన రోజే తీసుకోండి.

రెండో దారి చెన్నై మీదుగా. చెన్నై సెంట్రల్‌లో రాత్రి నీలగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారేసరికి కొండ అడుగున మేట్టుపాళయం చేరుతుంది. అక్కడ పొద్దున్నే చిన్న రైలు సిద్ధంగా ఉంటుంది. 46 కిలోమీటర్ల దారి, పట్టాల మధ్య పళ్లచక్రం పట్టు, కూనూరు దాకా వెనకనుంచి తోసే ఆవిరి ఇంజను. కూనూరు వరకు 1899లో, ఊటీ వరకు 1908లో వేశారు. 2005లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలోకి ఎక్కింది. ఎక్కడానికి ఐదు గంటలు పడుతుంది. పెట్టెలు చిన్నవి, గోల్ఫ్ బ్యాగులతో అందులో ఎక్కాలనుకోవద్దు. బ్యాగుల్ని కారులో పంపి మీరు రైలెక్కండి, లేదంటే తిరిగొచ్చేటప్పుడు ఊటీ నుంచి కూనూరు వరకు ఎక్కి ముచ్చట తీర్చుకోండి.

విమానమైతే విశాఖ నుంచి చెన్నై లేదా హైదరాబాద్ మీదుగా కోయంబత్తూరు. అక్కడి నుంచి కొండమీదికి సుమారు 90 కిలోమీటర్లు.

కిట్టు తీసుకెళ్లాలా? అక్కడ అద్దెకు తీసుకోవాలా?

మీకు సొంత కిట్టు ఉంటే తీసుకెళ్లండి. కొత్త చోట, కొత్త గాలిలో, కొత్త కర్రలతో ఆడితే తప్పు ఎక్కడ జరిగిందో తెలుసుకోలేరు. నిబంధన ప్రకారం 14 క్లబ్బులకి, అంటే కర్రలకి, మించకూడదు. నేను కొండకి 11తోనే వెళ్తాను. పొడవాటి ఐరన్లు రెండూ, ఫెయిర్‌వే వుడ్ ఒకటీ ఇంట్లో వదిలేస్తాను. బ్యాగు మోసే క్యాడీ భుజం కూడా గుర్తుంచుకోవాలి కదా, అతను మోసేది ఎగుడుదిగుళ్ల మీద.

డ్రైవర్ అనే పొడవాటి క్లబ్బు తలకి పాత తువ్వాలు చుట్టి, బ్యాగులో అన్నిటికంటే పొడవైన కర్రగా ఒక చేతికర్రను తలకిందులుగా పెట్టండి. బ్యాగు తలకిందులైనా దెబ్బ ఆ కర్ర కాచుకుంటుంది. దూరం కొలిచే రేంజ్‌ఫైండర్ అదనపు బ్యాటరీలు విమానంలో చేతిసంచిలోనే ఉండాలి, చెకిన్ సామానులో పెట్టకూడదు.

కారు మాట్లాడేటప్పుడు నలుగురం అని మాత్రమే చెప్పకండి, నాలుగు గోల్ఫ్ బ్యాగులున్నాయని చెప్పండి. మాకోసం ఒకాయన మాట్లాడి పెట్టిన కారు డిక్కీలో రెండు బ్యాగులే పట్టాయి. కోయంబత్తూరు స్టేషన్ బయట గంటన్నర నిలబడి వేరే బండి వెతుక్కున్నాం. ఇన్నోవా లాంటిది, పైన క్యారియర్ ఉన్నది అడగండి.

ఈ-పాస్ అంటున్నారు, నిజమేనా?

నిజమే. మద్రాసు హైకోర్టు ఆదేశాలతో 2024 మే 7 నుంచి నీలగిరి జిల్లాకి, కొడైకెనాల్‌కి వెళ్లే బయటి వాహనాలకి తమిళనాడు ప్రభుత్వ ఈ-పాస్ కావాలి. 2025 వేసవిలో ఊటీకి మామూలు రోజుల్లో 6,000, వారాంతాల్లో 8,000 వాహనాలని పరిమితి కూడా పెట్టారు. ట్యాక్సీ అయినా సరే, పాస్ తీశారా అని డ్రైవర్‌ని ముందురోజే అడగండి. ఇంకో సంగతి, నీలగిరిలో చిన్న ప్లాస్టిక్ నీళ్ల బాటిళ్లు నిషేధం. దారిలో తనిఖీ చేసి తీసేసుకుంటారు. ఇంటినుంచి స్టీలు సీసా పట్టుకెళ్లండి.

నాకు ఏ క్లబ్బులోనూ సభ్యత్వం లేదు. ఆడనిస్తారా?

ఎక్కడికి వెళ్లినా ముందు ఫోన్ చేసి నాలుగు విషయాలు అడగండి: బయటివాళ్లని గ్రీన్ ఫీజు (ఆట రుసుము) తీసుకుని ఆడనిస్తారా, ఏ రోజుల్లో, మన ఆట స్థాయి చూపే హ్యాండిక్యాప్ పత్రం కావాలా, ఆ వారంలో పోటీలేమైనా ఉన్నాయా. నాలుగోది మర్చిపోతే కొండెక్కాక కోర్సు మూసి ఉందని తెలుస్తుంది. మీరు ఆడే క్లబ్బుకీ అక్కడి క్లబ్బుకీ పరస్పర ఒప్పందం ఉంటే మీ కార్యదర్శి దగ్గర పరిచయపత్రం తీసుకోండి. సోమ, మంగళవారాలు కోర్సు మరమ్మతులకు పోయే అవకాశం ఉంది కాబట్టి మధ్య రోజులు అడిగితే మేలు.

కొండమీద బంతి ఎక్కువ దూరం పోతుందట కదా?

పోతుంది. ఊటీ ఎత్తు 2,240 మీటర్లు. అక్కడి గాలి మన భీమిలి ఒడ్డున ఉన్న గాలికంటే దాదాపు ఐదో వంతు పలచన. బంతిని ఆపే గాలి తగ్గింది కాబట్టి బాగా కొట్టిన దెబ్బకి ఆరు నుంచి ఎనిమిది శాతం అదనం వస్తుంది. విశాఖలో మీ ఏడో ఐరన్ 150 గజాలు పోతే అక్కడ 160 దగ్గర పడుతుంది. అంటే ఒక క్లబ్బు తేడా, తక్కువ దూరం పోయే పక్క కర్ర తీసుకోవాలన్నమాట.

దానికి రెండు మెలికలున్నాయి. గాలి పలచనైతే బంతిని పైకి లేపే శక్తీ తగ్గుతుంది, అందుకని మెల్లగా కొట్టేవాళ్లకి లాభం అంత కనబడదు. రెండోది చలి. పొద్దున్నే బంతీ గట్టిపడుతుంది, మన నడుమూ గట్టిపడుతుంది. మొదటి మూడు నాలుగు హోల్స్ ఇంటి దగ్గర కొలతే వాడుకోండి, ఎండ వెచ్చబడ్డాక ఒక క్లబ్బు తగ్గించండి. బంతిని హీటరు దగ్గర పెట్టి వేడిచేస్తే నిబంధనలు ఒప్పుకోవు.

పక్కకి వంగడం కూడా తగ్గుతుంది. స్లైస్ కొట్టేవాళ్లకి, అంటే బంతి కుడికి వంగిపోయేవాళ్లకి, ఇది వరం. మాలో ఒకాయన పదేళ్లుగా కుడివైపు పారేసుకుంటున్న డ్రైవ్ అక్కడ ఫెయిర్‌వే అంచున ఆగింది. ఆయన ఆ బంతిని ఇప్పటికీ బీరువాలో దాచుకున్నారు.

వాలు మీద నిలబడి ఎలా కొట్టాలి?

ఊటీలో చదునైన చోటు టీ ఒక్కటే అనుకుని బయల్దేరండి. కుడిచేతి వాటం వాళ్లకి చెబుతున్నాను. బంతి పాదాలకంటే ఎత్తులో ఉంటే అది ఎడమకి పోతుంది. క్లబ్బు కాస్త కిందకి పట్టుకుని, గురి కుడివైపు పెట్టండి. బంతి పాదాలకంటే దిగువన ఉంటే కుడికి పోతుంది. మోకాళ్లు ఇంకాస్త వంచి, కొట్టేదాకా ఆ వంపు వదలకండి. లేచారో, క్లబ్బు బంతి పైభాగాన తగులుతుంది.

ముందుకి ఎగువ వాలైతే బంతి ఎత్తుకి లేచి తొందరగా పడుతుంది, ఒక క్లబ్బు పెంచండి. దిగువ వాలైతే చదునుగా దూసుకుపోతుంది. ఈ రెంటిలోనూ కిటుకు ఒకటే, భుజాల్ని నేల వాలుతో సమానంగా వంచాలి. కొండతో పోట్లాడకుండా కొండలాగే నిలబడాలి. ముప్పావు స్వింగు చాలు. పూర్తి స్వింగు చేస్తే ముందు జారేది కాలే.

గ్రీన్ మీకంటే దిగువన ఉంటే ఎంత దిగువనో అంత దూరం తగ్గించుకోండి. పది గజాల పల్లం ఉంటే సుమారు పది గజాలు. ఎగువనుంటే అంతే కలుపుకోండి. ఇది మోటు లెక్కే, అయినా చాలాసార్లు నిలబడుతుంది.

ఇంటి దగ్గర దీనికి సాధన ఎలా?

చెరువు గట్టు. నిజంగా చెబుతున్నాను. బయల్దేరే ముందు మూడు వారాలు మా పెద్దచెరువు గట్టు మీద పొద్దున్నే నిలబడి, బంతి లేకుండా, ఖాళీ స్వింగులు చేశాం. గట్టు వాలు మీద ఒకసారి ఎగువకి తిరిగి, ఒకసారి దిగువకి తిరిగి, ఒకసారి అడ్డంగా. వాకింగ్‌కి వచ్చిన ఒక పెద్దాయన ఆగి, కాసేపు చూసి, “అమ్మా, ఎడమ మడమ లేచిపోతంది నీకు” అన్నారు. ఆయనకి గోల్ఫ్ తెలీదు, కుర్రతనంలో కర్రసాము చేశారట. ఆయన చెప్పింది నిజం. ఆ మడమ నేలకి ఆనించాకే నాకు వాలు మీద పట్టు చిక్కింది. ఒక్క జాగ్రత్త, జనం తిరిగేచోట బంతి వాడొద్దు. 46 గ్రాముల బరువే కదా అనిపిస్తుంది, కంటికి తగిలితే కన్ను పోతుంది.

నడక కూడా పెంచుకోండి. మేం ఆదివారాలు ఆట అయ్యాక సింహాచలం మెట్లు ఎక్కి దిగేవాళ్లం.

గ్రీన్ మీద బంతి కళ్లకి ఒకలా, నేలమీద ఇంకోలా దొర్లుతుందంటారు.

చుట్టూ అంతా ఏటవాలుగా ఉంటే కన్ను ఏది చదునో మర్చిపోతుంది. ఎగువకి ఉందనిపించిన పట్ (గుంటవైపు దొర్లించే దెబ్బ) నిజానికి దిగువకి ఉంటుంది. పక్కనున్న పెద్ద కొండ ఎటుందో చూసుకోండి, బంతి సాధారణంగా దానికి ఎదురువైపు దొర్లుతుంది. మీ కన్ను ఒకటి చెప్పి క్యాడీ ఇంకోటి చెబితే క్యాడీ మాటే వినండి. రెండోసారి మా క్యాడీ గ్రీన్ మీదికి రాగానే చెప్పు విప్పి, అరికాలితో నేల తడిమి, వేలితో ఒకచోట చూపించేవాడు. రెండడుగుల తేడా ఉన్నా అక్కడికే కొట్టేదాన్ని. పడేది. ఆయన తమిళంలో, నేను తెలుగులో మాట్లాడుకున్నాం, ఏ ఇబ్బందీ రాలేదు.

బంతి పొదల్లోకి పోతే?

అక్కడ గోర్స్ అనే ముళ్లపొదలున్నాయి. పసుప్పచ్చ పూలతో చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి, చెయ్యి పెడితే మోచేతి దాకా గీరేస్తాయి. 2019 నుంచి వెతకడానికి మూడు నిమిషాలే సమయం. పోయిందేమోనని అనుమానం ఉంటే ముందే ప్రొవిజనల్ బంతి, అంటే దానికి బదులుగా ఇంకో బంతి, కొట్టి బయల్దేరండి. బంతి కనబడినా లోపల ఇరుక్కుంటే ఒక పెనాల్టీ స్ట్రోకుతో బయట వేసుకోండి. మనిషికి కనీసం డజను బంతులు పట్టుకెళ్లండి, పాతవైనా పర్వాలేదు.

అడవి జంతువులు వస్తాయా?

నీలగిరిలో అడవిదున్నలు తోటల్లోకీ గడ్డి మైదానాల్లోకీ వస్తుంటాయి. కనబడితే ఆగిపోండి, వెనక్కి నడవండి, ఫొటో కోసం దగ్గరికి పోకండి. బంతి వాటి దగ్గర పడితే దాన్ని వదిలేయండి. క్యాడీ ఏం చెబితే అది చేయండి.

బట్టలు?

కాలరున్న చొక్కా, ప్యాంటు, మెత్తటి స్పైకుల బూట్లు. జీన్సు, కాలరు లేని టీషర్టు చాలా క్లబ్బుల్లో ఒప్పుకోరు. చలికి ఒక్క లావుపాటి కోటు కంటే పల్చటివి మూడు పొరలు మేలు, ఆటమధ్యలో ఒక్కొక్కటీ విప్పుకోవచ్చు. టోపీ, సన్‌స్క్రీన్ మర్చిపోకండి. చల్లగా ఉంది కదా అని ఊరుకుంటే ఎత్తుమీది ఎండ మెడ మాడ్చేస్తుంది.

తిండి?

18 హోల్స్ నాలుగున్నర గంటలు. మేం పలాస జీడిపప్పు, బెల్లం ముక్కలు, అరటిపళ్లు బ్యాగు జేబులో వేసుకుంటాం. చలిలో దాహం వెయ్యదు, అయినా ప్రతి మూడు హోల్స్‌కీ నీళ్లు తాగాలి. తొక్కలూ కాగితాలూ కోర్సు మీద వెయ్యకండి, తిరిగి బ్యాగులోకే.

బీపీ, ఆయాసం ఉన్నవాళ్లు రావచ్చా?

ముందు మీ డాక్టరుగారిని అడగండి. మందులు చేతిసంచిలో పెట్టుకోండి. ఎక్కిన మొదటి రోజు ఎగువకి నడిస్తే చాలామందికి కొంచెం ఊపిరి అందదు, అది సాధారణంగా మర్నాటికి సర్దుకుంటుంది. గుండె పట్టేసినట్టుంటే మాత్రం ఆట ఆపేయాలి. ఘాట్ రోడ్డులో వాంతులయ్యేవాళ్లు ముందు సీట్లో కూర్చోవాలి, కడుపునిండా తిని ఎక్కకూడదు.

కొత్తగా నేర్చుకుంటున్నాను. వెళ్లొచ్చా?

ఆర్నెల్లు ఆగండి. సొంత కోర్సులో రౌండు వంద, నూటపది దెబ్బల లోపు పూర్తిచేయగలిగితే వెళ్లండి. వెనక వచ్చేవాళ్లకి దారి ఇవ్వడం, తవ్వుకుపోయిన గడ్డిపెళ్లని తిరిగి అతికించడం, బంకర్ అనే ఇసుకగుంటలో ఇసుక సర్దడం, బంతి మనుషుల వైపు పోతే “ఫోర్!” అని గట్టిగా అరవడం, ఇవి స్కోరుకంటే ముందు రావాలి.

ఆడని కుటుంబసభ్యులు ఏం చేస్తారు?

1848లో మొదలైన బొటానికల్ గార్డెన్, సరస్సు, 2,637 మీటర్ల దొడ్డబెట్ట, కూనూరుకి చిన్న రైలు. రెండు రోజులు వాళ్లకి తెలియకుండానే గడిచిపోతాయి.

నాన్నగారు ఆడరు. కోర్సు చూడాలని మాత్రం ఉందంటున్నారు. తీసుకెళ్లొచ్చా?

క్లబ్బువారిని అడిగి, నడవగలిగినంత మేరకు తీసుకెళ్లండి. మా నాన్నగారికి డెబ్బై ఒకటి. భారత క్రికెట్ కెప్టెన్‌గా చేసిన విజ్జీ గారి ఊరివాళ్లం కాబట్టి ఆట అంటే క్రికెట్టే అని నమ్మిన మనిషి. రెండో రౌండు నాడు మఫ్లర్ చుట్టుకుని, నా వెనక తొమ్మిది హోల్స్ నడిచారు. ఏడో హోల్ దగ్గర నా బంతి గ్రీన్ మీద, జెండాకి నాలుగడుగుల్లో ఆగింది. నేను పట్టర్ తీసుకునేలోపే ఆయన వంగి, చేతులు వెనక కట్టుకుని, నేలని పరీక్షగా చూసి, “అమ్మా, ఎడమకి కొంచెం పల్లంగా ఉంది” అన్నారు. క్యాడీ తల ఊపాడు. కుడివైపు గురిపెట్టి కొట్టాను. బంతి గుంటలో పడ్డ చప్పుడు విని, నాన్నగారు వెళ్లి దాన్ని తీసి, మఫ్లర్ కొసతో మంచు తుడిచి నా చేతిలో పెట్టారు.